బొరుగు మీద బైండోవర్

కోనగుట్టపల్లి అటవీ రేంజి ఆఫీసుకు ముద్దాయిలు దొరకడం తక్కువ. ముద్దాయిలు పారిపోగా మిగిలినవి మాత్రం బాగా దొరుకుతాయి. ఒంటి చెప్పు, బ్యాటరీ లైటు, సద్దిమూట కట్టుకొచ్చిన గుడ్డ. వాటికి చీటీ కట్టి, లక్క వేసి, బీరువాలో పెట్టి తాళం వేయడంలో ఆ ఆఫీసును మించింది లేదు. ఆ ఏడు ఉగాదికి ముందు మాత్రం బీరువాలో పట్టనిదొకటి దొరికింది.

గుట్ట వెనకాల చెవులపిల్లుల వేటకు నలుగురు మనుషులొచ్చారు. కుందేలును ఆ పక్క చెవులపిల్లి అంటారు. గార్డు విజిలు వినగానే నలుగురూ నాలుగు దిక్కులు పట్టారు. వాళ్ళతో వచ్చిన వేటకుక్క మాత్రం కదల్లేదు. గార్డు రొప్పుకుంటూ దగ్గరికి వచ్చేదాకా కూర్చొని ఉండి, వచ్చాక తోక ఊపి, ఆయన కంటే ముందే జీపెక్కింది. పంచనామాలో "సదరు వేటశునకమును సిబ్బంది ప్రాణములకు తెగించి బంధించిరి" అని రాశారు.

ఆఫీసు వరండాలో స్తంభానికి దాన్ని కట్టేశారు. మెడలో అట్టముక్క వేలాడదీసి దాని మీద "ముద్దమాల్ నం. 1" అని రాశారు. కేసులో పట్టుబడిన సొత్తును అట్లా అంటారు. ఆ మరునాడు దానికి లక్క ఎక్కడ వేయాలన్న దాని మీద చర్చ జరిగింది గానీ తేలలేదు.

వరండాకు ఎదురుగా, రోడ్డుకు అవతల, సుంకులమ్మ ఉగ్గాని అంగడి. పద్దెనిమిదేళ్ళుగా తెల్లవారి ఆరింటికల్లా బొరుగులు నానేసి, నీళ్ళు పిండి, తిరగమోత వేసి, పక్కన మిరపకాయ బజ్జీలు కాల్చడం ఆమె పని. ఆమె భర్త లింగప్ప పని, అంగడి ముందు బెంచీ మీద కూర్చొని ఆమె చేసే పనికి వంకలు పెట్టడం. సుంకులమ్మకు ఒక అలవాటుంది. బజ్జీలు కాల్చినంతసేపూ ఊళ్ళో సంగతులన్నీ చెబుతూ ఉంటుంది. లింగప్పకు ఒక చెవి వినపడదు. ఆ చెవినే ఎప్పుడూ ఆమె వైపు పెట్టుకొని కూర్చుంటాడు.

మూడోనాడు సుంకులమ్మ ఆ కుక్కను చూసింది. ఆఫీసువాళ్ళు వేసిన బిస్కెట్లు ముందర పడి ఉన్నాయి. డొక్కలు ఎండి, నానేసిన బొరుగు రంగులో ఉంది. ఆకులో ఇంత ఉగ్గాని వేసుకొని రోడ్డు దాటింది.

"తిను నాయనా. తప్పు జేసిన నాయాండ్లు ఇండ్లల్లో పండుకోనుండారు, నిన్ను గదా కట్టేసినారు," అంది.

కుక్క ఆకును నాకి, ఆమె చేతిని నాకి, తర్వాత తల ఒక పక్కకు వంచి, రెండు చెవులూ నిక్కబెట్టి ఆమె మొహంలోకి చూసింది. ఇంకేమైనా చెబుతుందేమోనన్నట్టు. పద్దెనిమిదేళ్ళలో సుంకులమ్మ మాటకు రెండు చెవులు దొరకడం అదే మొదలు. ఆ రోజే దానికి బొరుగు అని పేరు పెట్టింది.

ఉగాది వెళ్ళిన వారానికి పై ఆఫీసు నుంచి ఒక కాగితం వచ్చింది. "వేటవృత్తి నుండి విముక్తి చెందిన శునకముల పెంపక, దత్తత మార్గదర్శకములు." పద్నాలుగు పేజీలు. రేంజి ఆఫీసరు సత్యప్రభాకర్ దాన్ని లేచి నిలబడి చదివాడు. ఆయన పై నుంచి వచ్చిన కాగితాన్ని కూర్చొని చదవడు. చదవడం పూర్తయ్యాక గుమాస్తా హుసేన్‌పీరా చేతికిచ్చాడు.

హుసేన్‌పీరా రెండో పేజీ దగ్గర ఆగాడు. అద్దాలు తుడుచుకొని మళ్ళీ చదివాడు.

"సార్, ఇది సారా కాయితం."

"ఏం సారా?"

"నాటుసారా సార్. నేను ఎక్సైజు ఆఫీసులో ఉండేటప్పుడు నా చేత్తోనే టైపు కొట్టినా. సారా కాసేటోళ్ళను మాన్పించేదానికి అప్పుడొచ్చిన కాయితమే. 'సారా' అని ఉన్నకాడ 'వేట' అనీ, 'వ్యక్తి' అని ఉన్నకాడ 'శునకము' అనీ మార్చినారు. కంప్యూటరు ఒక్క దెబ్బకు మార్చేస్తాది గదా. తక్కినదంతా అట్లనే ఉండాది. ఇది చూడండి. 'వేట వలన కాలేయము చెడిపోవునని సదరు శునకమునకు అవగాహన కల్పించవలెను.'"

సత్యప్రభాకర్ కళ్ళు మూసుకున్నాడు. ఆయన ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఏ కాగితాన్నీ తప్పుపట్టలేదు. అందుకే ఏ కాగితమూ ఆయన్ని తప్పుపట్టలేదు.

"పీరా, ఇది పై నుంచి వచ్చినది. పై నుంచి వచ్చినదానిని ఎక్కడి నుంచి వచ్చిందని అడిగే అధికారం మనకు లేదు. ఏ కాలమ్‌లో ఏం నింపాలో అడగవచ్చు. అంతే."

కాగితం సారాంశం ఇది. వేట మానిన శునకాన్ని ఆరు నెలల పాటు స్థానికంగా ఒక సత్ప్రవర్తన కలిగిన కుటుంబానికి పెంపకానికి ఇవ్వాలి. ఆరు నెలల్లో షరతులన్నీ నెరవేరితే అదే కుటుంబానికి శాశ్వతంగా దత్తత. ఒక్కటి తప్పినా జిల్లా సంరక్షణ కేంద్రానికి తరలింపు. ఆ కేంద్రం రేకుల షెడ్డు అనీ, దాంట్లోకి పోయిన కుక్కల లెక్క ఉంది గానీ బయటికొచ్చిన కుక్కల లెక్క లేదనీ హుసేన్‌పీరా సుంకులమ్మకు రోడ్డు దాటి వచ్చి చెప్పాడు.

"ఐతే మాకే ఇయ్యమను పీరా," అంది సుంకులమ్మ బజ్జీ తిప్పుతూ.

"దండిగా సంతకాలుంటాయి అక్కా."

"సంతకం నేర్చుకుండేది ఎందుకప్పా, పెట్టేదానికే గదా."

మరునాడు సత్యప్రభాకర్ దంపతులిద్దరినీ ఆఫీసుకు పిలిపించాడు. "సుంకులమ్మగారూ, ప్రభుత్వం మిమ్మల్ని సదరు శునకానికి పెంపుడు తల్లిగా గుర్తించింది," అన్నాడు.

"పెంపుడు కుక్కకు పెంపుడు తల్లి. బాగుండాది," అన్నాడు లింగప్ప.

"పెంపుడు కుక్క అనకూడదు. ఆ హోదా దత్తత తర్వాత వస్తుంది. ప్రస్తుతం ఆమె పెంపుడు తల్లి, అది పెంపక శునకం."

"మళ్ళ నేనేంది సార్?"

సత్యప్రభాకర్ పేజీలు తిప్పాడు. "మీరు గృహ యజమాని."

"ఆ సంగతి నువ్వు కాయితంలో రాసుకుంటే రాసుకో సార్, ఆమె ముందర మాత్రం గెట్టిగా చదవద్దు."

మొదటి షరతు బైండోవర్. సారా కాసేవాళ్ళను తహసీల్దారు ముందు నిలబెట్టి, ఇకమీదట కాయమని పూచీ రాయించుకోవడం ఆ పక్క అందరికీ తెలిసిన సంగతే. బొరుగును కూడా నిలబెట్టారు. డిప్యూటీ తహసీల్దారు అనంతశయనం కోస్తా నుంచి బదిలీ మీద వచ్చి ఏడు వారాలైంది. మనిషి మర్యాదస్తుడు. కుక్కతో కూడా అండీ అనే మాట్లాడాడు.

"పేరండి?"

"బొరుగు," అంది సుంకులమ్మ.

"తండ్రి పేరు?"

సుంకులమ్మ లింగప్ప వైపు చూసింది. "నన్ను జూస్తావేమే?" అన్నాడు లింగప్ప.

"తెలియదని రాసుకుంటానండి. వయసు?"

"మూడేండ్లుంటాది సార్."

అనంతశయనం పెన్ను కింద పెట్టాడు. "మూడేళ్ళా? అయితే మైనరండీ. మైనరు పూచీ చెల్లదు. సంరక్షకులు సంతకం పెట్టాలి. ఏదీ, చదువుతాను, వినండి. 'ఇకమీదట నేను వేట ఆడను, నిల్వ చేయను, రవాణా చేయను, ఇతరులకు సీసాలలో పోయను.' సమ్మతమేనా?"

బొరుగు ఆవలించింది.

"సమ్మతమే సార్," అంది సుంకులమ్మ. "వాడు చెప్పిన మాట ఇంటాడు."

ఆ నెలలోనే అవగాహన సదస్సు జరిగింది. ఆరోగ్య కేంద్రం నుంచి ఒకావిడ చెడిపోయిన కాలేయం బొమ్మ తెచ్చి, బొరుగు ముందర పట్టుకొని పావుగంట వివరించింది. ఎర్రగా, నిగనిగలాడుతూ ఉన్న ఆ కాలేయాన్ని చూసేసరికి బొరుగు నాలుక బయటికొచ్చింది. "లబ్ధిదారు మిక్కిలి ఆసక్తి కనబరచెను" అని నివేదికలో రాశారు.

చిక్కంతా ఆరో షరతు దగ్గర వచ్చింది. "సదరు శునకము తన వద్దనున్న బెల్లపు ఊటను అధికారుల సమక్షమున పారబోయవలెను."

"సారా కాసే ఊట లేదు గదా సార్. కుక్క గదా," అన్నాడు హుసేన్‌పీరా.

"లేదని రాయి."

"రాస్తే ధ్వంసం ఫోటో అడుగుతాండాది సార్ ఈ పథకం యాప్. ఫోటో పెట్టకపోతే ఏడో షరతు తెరుచుకోదు."

సత్యప్రభాకర్ లేచి నిలబడి ఆరో షరతు మళ్ళీ చదివాడు. "లేనిదానిని ధ్వంసం చేయలేము. ధ్వంసం చేయనిదే ముందుకు పోలేము. కావున ధ్వంసం నిమిత్తం కొంత ఊట సమకూర్చుకోవాలి."

సుంకులమ్మ నాలుగు కేజీల బెల్లం నీళ్ళలో కలిపి బిందె తెచ్చింది. సత్యప్రభాకర్ మూత తీసి వాసన చూశాడు. "ఇది పానకమమ్మా. ఊట అంటే పులియాలి. నిబంధనలో స్పష్టంగా ఉంది."

అట్లా బిందె ఆఫీసు వెనకాల నీడలో పెట్టించి, ఎవరూ తాకకుండా ఇద్దరు గార్డులను కాపలా ఉంచి, తొమ్మిది రోజులు పులియబెట్టారు. తుమ్మచెక్క వేస్తే తొందరగా పులుస్తుందని లింగప్ప సలహా ఇచ్చాడు. అది అతనికి ఎలా తెలుసని సుంకులమ్మ అడిగితే వినపడని చెవి అటు తిప్పాడు. ఎనిమిదో రోజుకు వాసన రోడ్డు దాటి అంగడి దాకా వచ్చింది. ఉగ్గాని తినడానికి వచ్చినవాళ్ళు ఆఫీసు వైపు తిరిగి గట్టిగా గాలి పీల్చి, ఈ ఆఫీసు ఇన్నాళ్ళకు జనానికి పనికొచ్చే పని మొదలుపెట్టిందని అనుకున్నారు. పదో రోజు బొరుగు ముందరి కాళ్ళు బిందె మీద పెట్టించి పారబోసి ఫోటో తీశారు. గార్డులిద్దరూ ఆ ఫోటోలో కళ్ళు తుడుచుకుంటూ కనిపిస్తారు.

ప్రతి సోమవారం హాజరు. సుంకులమ్మ పొయ్యి మంట తగ్గించి, బొరుగును వెంటబెట్టుకొని రోడ్డు దాటి, రిజిస్టరులో సంతకం పెట్టి వచ్చేది. తక్కిన రోజుల్లో బొరుగు పొయ్యి పక్కన పడుకొని, ఆమె చెప్పే సంగతులన్నీ వినేది. ఎవరి కోడలు ఎవరిని ఏమన్నదీ, ఏ బోరులో నీళ్ళు పడనిదీ, అన్నీ. ఉరుము ఉరిమితే మాత్రం లేచి ఆమె చీర కుచ్చెళ్ళలో తల దూర్చేది. పిల్లి ఎదురైతే దారి ఇచ్చేది. అంగడి వెనకాల ఎలుకను చూసి ఒకసారి బెంచీ ఎక్కి కూర్చుంది.

"వేటకుక్కంట. బెంచీ మీద నా జాగా గూడా పట్టుకున్యాది," అన్నాడు లింగప్ప.

"వాడు మారినాడు," అంది సుంకులమ్మ గర్వంగా. "బైండోవర్ అంటే ఏమనుకున్యావు మళ్ళ?"

ఐదు నెలలు గడిచాయి. ఆరో నెలలో దత్తత కమిటీ కూర్చుంది. సత్యప్రభాకర్ అధ్యక్షుడు, అనంతశయనం, పశువుల డాక్టరు సభ్యులు. షరతులన్నిటికీ పచ్చగుర్తులు పడ్డాయి. ఒక్కటి మిగిలింది. "లబ్ధిదారు పూర్వవృత్తిని ఎరిగిన వ్యక్తి వాంగ్మూలము."

బొరుగు పాత యజమాని చిన్న ఓబులేసును పిలిపించారు. ఆ వేట కేసులో తర్వాత దొరికి, బెయిలు మీద ఉన్నాడు. గోడకు ఆనుకొని నిలబడ్డాడు. బొరుగు అతన్ని చూసి తోక ఊపింది గానీ సుంకులమ్మ పక్క నుంచి లేవలేదు.

"ఈ శునకం మీ దగ్గర ఎన్నేళ్ళు వేటాడిందండి?" అడిగాడు అనంతశయనం.

"ఇదా?" అన్నాడు ఓబులేసు. "ఇది వేటాడేదేంది సామీ. ఒక చెవులపిల్లిని పట్టింది ల్యా."

"చెవుల పిల్లి ఏంటయ్యా? పిల్లులన్నిటికీ చెవులుంటాయిగా?"

"కుందేలు సార్," అన్నాడు హుసేన్‌పీరా మెల్లగా.

"కుందేలును చూస్తే ఇదే ముందర ఉరుకుతాది సామీ," అన్నాడు ఓబులేసు. "కుందేలు ఎనక్కి గాదు, ఇంటికి. దీనమ్మ మంచి వేటకుక్క. ఆ పేరు జూసి తెచ్చినా. సద్దిమూటకు కాపలా ఉంటాదిలే అని ఎంట తీసుకపోతాంటి. అదీ ఉండల్యా. సద్ది తినేసె."

సుంకులమ్మ మొహం వెలిగిపోయింది.

"చూసినారా సార్! నేను అప్పుడే అన్యా. వాడు పాపం పుణ్యం ఎరగడని. అయితే కాయితం ఇచ్చేయండి, బజ్జీల పిండి కలపాల."

సత్యప్రభాకర్ ఫైలు మూశాడు. ఆయన మొహంలో రక్తం లేదు.

"అమ్మా, ఇది చాలా గంభీరమైన విషయం. ఈ పథకం వేట మానిన శునకాలకు. వేట ఎరుగని శునకం వేట మానజాలదు. మానజాలని దానిచేత ఆరు నెలలుగా మనం మాన్పించాము. దీనిని బోగస్ లబ్ధిదారు అంటారు."

"అంటే?"

"అంటే అనర్హత. జిల్లా కేంద్రానికి తరలింపు."

సుంకులమ్మ చేయి తనకు తెలియకుండానే బొరుగు మెడ మీదికి పోయింది. "సార్, వేటాడితే కేసు. ఆడకపోతే బోగసా?"

"ఆడి, మానాలి. అదే పథకం ఆత్మ."

"తప్పు జేసినోనికి ఇల్లు, చేయనోనికి రేకుల షెడ్డు. ఇదేం న్యాయం సార్?"

"న్యాయం కోర్టులో ఉంటుందమ్మా. ఇది మార్గదర్శకం," అన్నాడు సత్యప్రభాకర్. ఆయన చెడ్డవాడు కాదు. గొంతు తగ్గించి, "వారం రోజుల వ్యవధి ఇస్తాను. శునకానికి వేట సామర్థ్యం ఉన్నట్టు కమిటీ ఎదుట నిరూపణ అయితే, అర్హత పునరుద్ధరిస్తాము. తదుపరి అది మానినట్టు కూడా అక్కడే నిరూపణ కావాలి," అన్నాడు.

"ప్రదర్శన కోసమైనా తరిమితే అది వేటే అవుతాది గదా సార్? చట్టంలో తరమడం గూడా వేటే," అన్నాడు హుసేన్‌పీరా.

"వేట కాదు పీరా. వేట సామర్థ్య ప్రదర్శన. పదజాలం ముఖ్యం."

ఆ వారం సుంకులమ్మ ఇంట్లో జరిగిన శిక్షణ గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. లింగప్ప తువ్వాలుతో రెండు కుందేలు చెవులు కట్టుకొని పెరడంతా గెంతాడు. బొరుగు కాసేపు చూసి, పాపం పెద్దాయనకు ఏమో అయిందని దగ్గరికి పోయి మొహం నాకింది. నాలుగు రోజులైనా అంతే. ఐదో రోజు లింగప్ప నడుము పట్టుకుంది.

"ఏమే," అన్నాడు మంచంలో పడుకొని, ఎప్పుడూ లేనిది వినపడే చెవి ఆమె వైపు పెట్టి. "నిజంగానే తీసుకపోతారంటావా?"

ఆ రోజు బజ్జీలు కాలుస్తూ సుంకులమ్మ ఏ సంగతీ మాట్లాడలేదు. బొరుగు రెండు మూడుసార్లు తలెత్తి చూసింది.

ఏడో రోజు ఉదయం గుట్ట కింద, వేరుశెనక్కాయ పెరికేసిన చేలో కమిటీ, గార్డులతో సహా దిగింది. బొరుగుతో సుంకులమ్మ, నడుము పట్టుకొని లింగప్ప వచ్చారు. పక్క చేలో కూలివాళ్ళు పెరికిన చెట్లు కట్టలు కట్టుకుంటున్నారు. సత్యప్రభాకర్ యూనిఫాం ఇస్త్రీ చేయించుకొని వచ్చాడు. అనంతశయనం ప్యాంటుకు మన్నంటకుండా గట్టు మీద నిలబడ్డాడు. డాక్టరు పొడుగాటి కర్ర తెచ్చుకున్నాడు. మొదటి నుంచి చివరి దాకా ఆపకుండా వీడియో తీసి యాప్‌లో పెట్టాలని షరతు. హుసేన్‌పీరా ఫోను పట్టుకున్నాడు.

"కుందేలును మనం తేకూడదు. అది నేరం. దానంతట అది రావాలి," అని సత్యప్రభాకర్ ప్రకటించాడు.

ముప్పావుగంట దానంతట అది రాలేదు. సుంకులమ్మ లోలోపల అన్ని దేవుళ్ళకూ మొక్కుతోంది గానీ, రమ్మని మొక్కాలో రావద్దని మొక్కాలో ఆమెకు తెలియడం లేదు.

ఉన్నట్టుండి పక్క చేలో ఒక ఆడమనిషి కట్ట ఎత్తింది. దాని కింద నుంచి బూడిదరంగు ముద్ద ఒకటి గాల్లోకి లేచింది.

"చెవులపిల్లీ! చెవులపిల్లీ!" అని కూలివాళ్ళంతా అరిచారు.

కుందేలు చాళ్ళ మీదుగా దూసుకొని కమిటీ ముందరి నుంచే పోయింది. బొరుగు దాన్ని చూసింది. చూసి, ఒక్క క్షణం కూడా తటపటాయించకుండా, సుంకులమ్మ వెనక్కి పోయి కుచ్చెళ్ళలో తల దూర్చింది.

అయితే అప్పుడు దాన్ని ఎవరూ గమనించలేదు.

ముందుగా డాక్టరు కదిలాడు. కర్ర లేచింది, మనిషి లేచాడు. ఆ వెనకే సత్యప్రభాకర్. ఇరవై రెండేళ్ళుగా కూర్చొని సంతకాలు పెట్టిన మనిషి చాళ్ళు దాటుకుంటూ, టోపీ ఎగిరిపోయినా చూసుకోకుండా, "అటు! అటు మలుపు! గట్టు కాడ అడ్డం పో!" అని కేకలు పెడుతూ పరుగెత్తాడు. అనంతశయనం ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి గట్టు మీది నుంచి దూకాడు. "ఏవండీ, ఇటొచ్చిందండీ! కొట్టండి, కొట్టండి! అయ్యో తప్పించుకుంటోందండీ!" ఆయన చేతిలో ఉన్న బొరుగు ఫైలు కుందేలు మీదికి విసిరాడు. గురి తప్పింది. పద్నాలుగు పేజీల మార్గదర్శకాలు చేనంతా ఎగిరాయి. గార్డులిద్దరూ రెండు వైపుల నుంచి వల కమ్ముకొచ్చినట్టు కమ్ముకొచ్చారు. కూలివాళ్ళు కట్టలు వదిలేసి ఈలలు వేశారు.

పన్నెండు నిమిషాలు. చివరికి కుందేలు జిల్లేడు పొదల్లో దూరి, అవతలి పక్క గుట్టెక్కి మాయమైంది. కమిటీ పొదల ముందర చతికిలబడింది. సత్యప్రభాకర్ ప్యాంటు మోకాలి దగ్గర చిరిగింది. ఆయన మొహం మాత్రం పెళ్ళికొడుకు మొహంలా వెలుగుతోంది.

"జానెడు దూరం డాక్టరుగారూ! జానెడు! మీరు కర్ర కొంచెం ముందు వేసి ఉంటే..."

అప్పుడు ఆయనకు హుసేన్‌పీరా కనిపించాడు. ఫోను ఇంకా పట్టుకొనే ఉన్నాడు.

"సార్," అన్నాడు హుసేన్‌పీరా మర్యాదగా, "అంతా వచ్చింది. స్థలం, సమయం, అన్నీ నమోదైనాయి. అప్‌లోడ్ చేయమంటారా?"

డాక్టరు కర్రను వీపు వెనక్కి పెట్టుకున్నాడు. పక్క చేలో కూలివాళ్ళు మాట్లాడుకుంటున్నారు. రేంజరు సారు చెవులపిల్లి వేటకు వచ్చినాడనీ, అలవాటు లేక తప్పిపోయిందనీ.

"పీరా," అన్నాడు సత్యప్రభాకర్, "తరమడం కూడా..."

"వేటే సార్. పోయిన వారమే మనవి చేసినా."

అనంతశయనం మడిచిన ప్యాంటు మెల్లగా కిందికి దించుకున్నాడు. "ఏవండీ, ఇప్పుడు ఎవరో ఒకరు తరిమినట్టు ఉండాలి కదండీ. ఇంతమంది చూశారు. తరిమింది ఎవరండీ?"

ముగ్గురి చూపులూ ఒకేసారి సుంకులమ్మ కుచ్చెళ్ళ వైపు తిరిగాయి.

పంచనామా గట్టు మీదే తయారైంది. లింగప్పను వంగమని, అతని వీపు మీద కాగితం పెట్టి రాశారు. "సదరు శునకము కుందేలును పన్నెండు నిమిషముల పాటు అతి భీకరముగా తరిమెను. కమిటీ సభ్యులు దానిని వారించుటకై వెంట పరుగిడిరి. తదుపరి పెంపుడు తల్లి పిలుపు ఆలకించి శునకము వేటను శాశ్వతముగా విరమించెను. ఆడినట్లును, మానినట్లును నిరూపణ అయినందున దత్తతకు అర్హము. వీడియో సాంకేతిక కారణముల వలన నమోదు కాలేదు."

"నడుము సార్," అన్నాడు లింగప్ప.

సత్యప్రభాకర్ కాగితాన్ని సుంకులమ్మ ముందు పెట్టాడు. "సంతకం పెట్టండమ్మా. ఈ క్షణం నుంచి ఇది మీ పెంపుడు కుక్క."

హుసేన్‌పీరా చదివి వినిపించాడు. సుంకులమ్మ పెన్ను తీసుకోలేదు.

"వాడు తరిమినాడని రాసినారే."

"లాంఛనమమ్మా."

"వాడు నా కుచ్చిళ్ళలో ఉన్యాడు సార్. ఉరికింది మీరు. మీరు జేసింది వాని నెత్తిన పెట్టి, నన్ను సంతకం పెట్టమంటే ఎట్లా? వాని బదులు ఒప్పుకునేదానికి నేనెవరు? ఆ తప్పు మోసేది వాడు. వాన్నే అడగండి."

సత్యప్రభాకర్ ఫోను వైపు చూశాడు. తర్వాత కూలివాళ్ళ వైపు చూశాడు. నేరాంగీకారం స్వయంగా ఉండాలనే నిబంధన ఆయనకు గుర్తొచ్చింది. ఆయనకు నిబంధనలు ఎలాంటి కష్టంలోనైనా గుర్తొస్తాయి.

"నిజమే. వేలిముద్ర కావాలి. డాక్టరుగారూ, బొటనవేలు ఏది?"

"అది కింద ఉండదండి. కాలు మీద, లోపలి పక్క ఉంటుంది. కాలు పైకెత్తి పట్టుకోవాలి."

బొరుగు కొత్తవాళ్ళు కాలు తాకితే ఇవ్వదు. ముందరి కాళ్ళు రెండూ పొట్ట కిందికి ముడుచుకొని పడుకుంది. సత్యప్రభాకర్ చిరిగిన మోకాలు మట్టిలో ఆనించి దాని ముందు కూర్చున్నాడు. కుదరక అనంతశయనం రెండో పక్క కూర్చున్నాడు. ఒకరు ఎడమ కాలు, ఒకరు కుడి కాలు పట్టుకొని, సిరా డబ్బా పక్కన పెట్టుకొని, బతిమాలడం మొదలుపెట్టారు.

"ఇవ్వండి బాబూ, ఒక్కసారి," అన్నాడు అనంతశయనం.

పక్క చేలో పని ఆగిపోయింది. కూలివాళ్ళంతా గట్టు మీదికొచ్చి నిలబడి, ఇద్దరు ఆఫీసర్లు కుక్క కాళ్ళు పట్టుకొని కూర్చున్న వైనాన్ని నోరు తెరుచుకొని చూస్తున్నారు.

సుంకులమ్మ కాసేపు వాళ్ళను అట్లాగే ఉండనిచ్చింది. తర్వాత వంగి బొరుగు చెవి దగ్గర చెప్పింది.

"పోనీలే నాయనా, ఇయ్యి. పెద్దోళ్ళు, అంతగా అడుగుతాండారు."

బొరుగు ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. పెద్దగా నిట్టూర్చి, కాలు చాచింది.